టీసీ ఇస్తామంటే వద్దనండి: బడికి వెళ్లలేని పిల్లల చదువుపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ. బిడ్డ బడికి పోలేకపోతున్నాడు. కారణం జబ్బు కావచ్చు, వైకల్యం కావచ్చు, భయం కావచ్చు, అమ్మానాన్నల వలస కావచ్చు. అందరికీ చుట్టుపక్కల నుంచి వస్తున్న సలహా మాత్రం ఒక్కటే: "టీసీ తెచ్చేసుకోండి, తర్వాత చూద్దాం." దయచేసి ఆ పని చేయకండి. చదువు ఇంట్లో సాగినా, ఆసుపత్రిలో సాగినా, శిబిరంలో సాగినా బిడ్డ పేరు ఏదో ఒక హాజరుపట్టీలో ఉండాలి. పేరు ఉంటే అడిగే హక్కు ఉంటుంది. పేరు పోతే ఆ బిడ్డ గురించి అడిగేవాళ్లే ఉండరు. ఇక ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్తాను.

మా అబ్బాయి ఆరో తరగతి. దసరా సెలవుల్లో జ్వరం ఎంతకీ తగ్గకపోతే రక్తపరీక్షలు చేయించాం, బ్లడ్ క్యాన్సర్ అన్నారు, ఏఎల్ఎల్ అని రాశారు. హైదరాబాద్‌లో వైద్యం నడుస్తోంది, రెండున్నరేళ్లకు పైనే పడుతుందట. ప్రైవేటు స్కూలువాళ్లు "హాజరు ఉండదు, ఫీజు మీకూ కష్టమే, టీసీ తీసుకోండి, నయమయ్యాక చూద్దాం" అంటున్నారు. వాడేమో బెడ్ మీద కూడా పుస్తకాలు అడుగుతున్నాడు. — ఒక తండ్రి, తెనాలి

అన్నా, ముందు ఒక మాట. పిల్లల్లో బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఇదొకటి. అంటే మీవాడు మళ్లీ బడికి పోయే పిల్లవాడు. మీరూ, స్కూలువాళ్లూ ప్రతి నిర్ణయం ఆ లెక్కనే తీసుకోవాలి.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయడానికి లేదు, ప్రైవేటు బడికీ అదే రూలు. కాబట్టి హెచ్ఎంకు ఒక ఉత్తరం రాయండి. వైద్యం వివరాలు, ఎన్నాళ్లు పడుతుందన్నది, "పేరు కొనసాగించండి, పాఠాలు, పరీక్షలు ఇంటి నుంచి చేయిస్తాం" అన్న అభ్యర్థన, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జత. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. ఫీజు నిజంగా మోయలేకపోతే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చండి. అయితే అక్కడ చేరే రోజు ఖాయమయ్యాకే ఇక్కడ టీసీ అడగండి. మధ్యలో ఏ బడిలోనూ లేకుండా ఉంటే యూడైస్ అనే ప్రభుత్వ బడిపిల్లల లెక్కల్లో పేరు డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలోకి పోతుంది, రేపు బయటికి తీయించడానికి మీరే తిరగాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే అది కూడా చట్టానికి విరుద్ధమే.

ఇక చదువు ఎలా సాగాలన్నది. మొదటి కొన్ని నెలలు గట్టి మందులు నడుస్తాయి, అప్పుడు బడి గురించి ఆలోచించకండి. ఆ తర్వాత మెయింటెనెన్స్ దశ వస్తుంది, ఎక్కువగా ఇంట్లోనే మాత్రలు. డాక్టరు సరేనంటే చాలామంది పిల్లలు ఆ దశలో బడికి వెళ్తారు. స్టెరాయిడ్ మాత్రలు వేసే రోజుల్లో పిల్లలకు విపరీతమైన ఆకలి, చిరాకు, ఏడుపు ఉంటాయి, ఆ రోజుల్లో లెక్కలు చెప్పకండి, కథ చదివి వినిపించండి చాలు. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వల్ల వేళ్లలో పట్టు తగ్గుతుంది, పెన్సిల్ జారిపోతుంది, అక్షరాలు వంకర పోతాయి. ఇది తెలియక "వాడు రాత మరిచిపోయాడు" అని కంగారుపడే తల్లిదండ్రులను చూశాను. రాత మరవలేదు, చెయ్యి సహకరించడం లేదు, అంతే. వాడు చెప్తుంటే మీరు రాయండి. లావుపాటి పెన్సిల్ ఇవ్వండి. వైద్యం ముగిశాక చాలావరకు కోలుకుంటారు, అప్పటికీ ఇబ్బంది ఉంటే డాక్టరుకు చెప్పండి, ఫిజియోథెరపీ ఉంది.

పాఠ్యపుస్తకాలన్నీ ఎస్‌సీఈఆర్టీ వెబ్‌సైట్లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే పాఠం వీడియో వస్తుంది. ఓపీ దగ్గర గంటల తరబడి కూర్చునే సమయం మీకు ఎలాగూ తప్పదు, రోజుకు ఒక పాఠం అక్కడే అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, క్లాస్‌టీచర్‌తో మాట్లాడి వారానికి ఒకసారి క్లాసు పిల్లలతో వీడియోకాల్ పెట్టించండి. జుట్టు రాలిన తలను చూసి మొదటిరోజు పిల్లలు నిశ్శబ్దం అయిపోవచ్చు, టీచరు ముందే చెప్పి ఉంచితే రెండోసారికి మామూలుగా క్రికెట్ కబుర్లు మొదలవుతాయి.

బడికి తిరిగి వెళ్లేటప్పుడు టీచర్లకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ (చికెన్‌పాక్స్), తట్టు వస్తే ఆ రోజే మీకు ఫోన్ చేయాలి. మామూలు పిల్లలకు వారంలో తగ్గేది మీవాడికి ప్రమాదం. మీరు వెంటనే డాక్టరుకు చెప్పాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

మా పాపకు తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. నడవలేదు, మాట స్పష్టంగా రాదు, కానీ అన్నీ అర్థమవుతాయి. బడిలో పేరు ఉంది. వారానికి ఒకరోజు మేడమ్ ఇంటికి వస్తారు, గంట కూర్చుంటారు, ఫొటో తీసుకుని వెళ్తారు. ఇదేనా మా పాప చదువు? — ఒక తల్లి, హుస్నాబాద్ దగ్గర

ఇది కాదమ్మా. మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న.

విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ చేసి, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు కోరుకునే హక్కు ఇచ్చారు. కోరుకునే హక్కు అన్న మాట గమనించండి. అది మీరు ఎంచుకోవాల్సింది, బడి మీ నెత్తిన పెట్టాల్సింది కాదు. మీ పాపకు అన్నీ అర్థమవుతాయని మీరే రాశారు. అలాంటి బిడ్డను పూర్తిగా ఇంటికే పరిమితం చేయడం నాకు సమ్మతం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య ఇస్తుంది, దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపిక కూడా ఇస్తుంది. వైకల్య ధ్రువీకరణ పత్రం (సదరం సర్టిఫికెట్) లేకపోతే దరఖాస్తు ఎలాగో మీసేవలో కనుక్కోండి. ఆంధ్రలో ఉన్న పాఠకులకైతే సచివాలయంలో.

ఇప్పుడు ఆ మేడమ్ గురించి. ఆమె ఐఈఆర్‌పీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచరు, మండలంలో ఆ పిల్లల కోసమే ఉన్న భవిత కేంద్రంలో పనిచేస్తారు. ఒక్కో ఐఈఆర్‌పీ చేతిలో మండలమంతటి పిల్లలుంటారు, జీతం కాంట్రాక్టు జీతం, తిరగడం సొంత బండి మీద. ఆమె మీద కోపం తెచ్చుకోకండి. ఆ గంటను మీరే పనికొచ్చేలా మార్చుకోవచ్చు. ఈసారి వచ్చినప్పుడు "పాప కోసం రాసిన ప్లాన్ చూపించండి మేడమ్" అని అడగండి. ప్రతి బిడ్డకూ విడిగా ఒక ప్రణాళిక, ఐఈపీ అంటారు, ఉండాలి. అందులో వచ్చే మూడు నెలల్లో పాప ఏం నేర్చుకోవాలో ఉండాలి. లేకపోతే ఇద్దరూ కూర్చుని ఆ గంటలోనే రాయండి. మూడే మూడు విషయాలు చాలు. మిగతా ఆరు రోజులు మీరేం చేయాలో ఆమె చేసి చూపించాలి, మీరు ఆమె ముందే చేసి చూపించాలి.

మాట రాని పిల్లలకు మొదట కావాల్సింది అక్షరాలు కాదు, తన మనసులోది చెప్పుకునే మార్గం. ఒక అట్ట తీసుకోండి. అన్నం, నీళ్లు, బాత్రూమ్, నొప్పి, బయటికి, అమ్మ, నాన్న, వద్దు, ఇంకా కావాలి. వీటికి బొమ్మలు అంటించండి, మీ ఫోన్లో తీసిన ఫొటోలు ప్రింటు తీయిస్తే ఇంకా మంచిది, మీ ఇంటి గ్లాసు, మీ ఇంటి కంచం కనపడితే పాపకు వెంటనే తెలుస్తుంది. వేలితో చూపించలేకపోతే కళ్లతో చూపిస్తుంది, కళ్లు ఎటు పోతున్నాయో మీరు గమనించండి. "ఇదా?" అని అడిగి ఆగండి. పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఈ పిల్లలకు జవాబు తెలిసినా ఒంటిని కదిలించి చెప్పడానికి టైమ్ పడుతుంది, మనం ఆగలేక మనమే జవాబు చెప్పేస్తాం. బొమ్మల కింద పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి. కొన్ని నెలలకు బొమ్మ తీసేసి పేరు మాత్రం ఉంచి చూడండి. చదవడం అక్కడ మొదలవుతుంది.

కూర్చోబెట్టే తీరు కూడా చదువులో భాగమే. నడుముకు, మెడకు ఆధారం లేకపోతే పాప శక్తంతా నిటారుగా కూర్చోవడానికే పోతుంది, ఇక పాఠం ఎక్కడ వింటుంది? భవితలో ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఏదో కనుక్కుని ఆ రోజు తీసుకెళ్లండి. సీపీ చైర్ (సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీ), వీల్‌చైర్ లాంటివి కేంద్రప్రభుత్వ అలింకో సంస్థ నిర్ధారణ శిబిరాలు పెట్టి ఉచితంగా ఇస్తుంది. మీ మండలంలో శిబిరం ఎప్పుడో ఎంఈఓ ఆఫీసులో అడగండి. బడికి తీసుకెళ్లడానికి రవాణా, తోడు వచ్చేవారి భత్యాలు, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ సమగ్ర శిక్ష పథకంలో ఉన్నాయి. చిన్న మొత్తమే, అయినా పాప పేరున రావాల్సింది, బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో చూసుకోండి.

నేను మీకు గట్టిగా చెప్పేది మాత్రం ఇది. వారానికి రెండు రోజులైనా, రెండేసి గంటలైనా పాపను బడికి తీసుకెళ్లండి. ప్రార్థన, మధ్యాహ్న భోజనం, ఆటల పీరియడ్ ఉన్న సమయం చూసుకోండి. ర్యాంపు లేకపోతే హెచ్ఎంను అడగండి, అది దయతో పెట్టేది కాదు. పిల్లలు మొదట వింతగా చూస్తారు, తర్వాత కుర్చీ తోయడానికి పోటీ పడతారు. తొమ్మిదేళ్ల పిల్లకు స్నేహితులు కావాలి, వారానికి గంట వచ్చే మేడమ్ ఎంత మంచివారైనా ఆ లోటు తీర్చలేరు.

ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న కేంద్రప్రభుత్వ సంస్థ. సెరిబ్రల్ పాల్సీ ఉన్నంత మాత్రాన తెలివి తక్కువని కాదు, ఆ తేడా తెలిసినవాళ్లు చూడటం అవసరం.

మావాడు తొమ్మిదో తరగతి, పేరున్న స్కూలు. రెండు నెలలుగా పొద్దున లేవగానే కడుపునొప్పి, వాంతులు. స్కానింగ్‌లో ఏమీ లేదు. ఆదివారం బాగుంటాడు. కొట్టాం, బతిమాలాం, బైక్ కొనిస్తామన్నాం. గేటు దాకా వచ్చి వణికిపోతాడు. ట్యూషన్ సారు "ఓపెన్ టెన్త్ కట్టించేయండి, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. — విజయవాడ నుంచి ఒక తల్లి

కొట్టడం ఈరోజుతో ఆపేయండి. కడుపునొప్పి నాటకం కాదు. భయం ఒంట్లో అలాగే బయటపడుతుంది, ఆ నొప్పి నిజమైన నొప్పే. ఆదివారం రాకపోవడమే మీకు దొరికిన ఆధారం: జబ్బు పొట్టలో లేదు, బడిలో ఏదో ఉంది.

అదేమిటో తెలియకుండా ఓపెన్ స్కూలు నిర్ణయం తీసుకోకండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా, బాత్రూమ్‌లో ఏదైనా జరిగిందా, టీచరు అందరి ముందు మార్కులు చదివి అవమానించారా, సెక్షన్ మార్చారా, పొద్దున ఆరింటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో అలసిపోయాడా, చదవడంలోనే ఇబ్బంది ఉండి ఇన్నాళ్లూ బట్టీతో నెట్టుకొచ్చి ఇప్పుడు సిలబస్ పెరిగేసరికి దొరికిపోయాడా. చివరిది మనవాళ్లు అస్సలు అనుమానించరు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు చాలామంది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చతికిలపడతారు. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు, ఏమైంది" అంటే చెప్పడు. బండి మీద పక్క ఊరికి వెళ్తున్నప్పుడో, రాత్రి లైటు తీసేశాకో మీ మొహం కనపడనప్పుడు చెప్తాడు. లైంగికంగా ఎవరైనా ఇబ్బంది పెట్టిన సూచన ఏమాత్రం కనపడినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, స్కూలుతో రాజీ మాటలు మాట్లాడకండి.

14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరు మాట్లాడండి, మీ టెన్షన్ తగ్గాలి. తర్వాత ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. "పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారట" అనే బంధువుల మాటలు రెండు నెలల్లో మరుగున పడతాయి, చూడకుండా వదిలేసిన భయం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

బడితో మాట్లాడి మెల్లగా వెనక్కి పంపే ప్రయత్నం చేయండి. మొదటివారం రోజూ ఒక్క పీరియడ్, వాడికి ఇష్టమైన సబ్జెక్టు. తర్వాత రెండు. ఈ స్కూలు ఒప్పుకోకపోతే చిన్న స్కూలు చూడండి, ఇంటికి దగ్గర్లోని ప్రభుత్వ బడి చూడండి. ఇంట్లో ఉండిపోయిన రోజు మాత్రం రోజంతా ఫోన్ ఇవ్వకండి. బడి వేళల్లో లేవడం, చదవడం, ఒళ్లు వంచి ఏదో ఒక పని చేయడం ఉండాలి, తిట్లు లేకుండా.

ఇవన్నీ అయ్యాక కూడా బడి కుదరకపోతే అప్పుడు ఓపెన్ టెన్త్ మంచి దారే. దాన్ని చిన్నచూపు చూడకండి. దాన్ని నడిపే ఓపెన్ స్కూల్ సంస్థలు ఏపీలో ఏపీఓఎస్ఎస్, తెలంగాణలో టాస్, దేశం మొత్తానికి ఎన్ఐఓఎస్. 14 ఏళ్లు నిండితే చేరవచ్చు. ఒక భాష కలుపుకుని ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఒకేసారి రాయక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. గణితం తప్పనిసరి కాదు. ఆర్థికశాస్త్రం, బిజినెస్ స్టడీస్, హోమ్ సైన్స్ లాంటివి ఎంచుకోవచ్చు. లెక్కలంటే వణికే పిల్లలకు ఇది పెద్ద ఊరట, కానీ ఇంటర్లో ఎంపీసీ, పాలిటెక్నిక్ ఆలోచన ఏమాత్రం ఉన్నా గణితం వదలకండి. సర్టిఫికెట్ రెగ్యులర్ టెన్త్‌తో సమానం. ఎన్ఐఓఎస్ ఇంటర్ ఐదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ రాయవచ్చు. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల పిల్లలు నీట్ రాయడానికి ఉన్న అడ్డు కూడా 2024లో తొలగిపోయింది.

చిక్కు ఎక్కడుందంటే, కాంటాక్టు క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో మాత్రమే. మిగతా రోజులన్నీ పిల్లవాడు తనంతట తను చదువుకోవాలి. భయంతో ఇంట్లో ఉన్న పిల్లవాడికి ఇంకా ఒంటరితనం తోడైతే చదువు సాగదు. కాబట్టి ఓపెన్ కట్టిస్తే దానితో పాటు రోజూ బయటికి వెళ్లే పని ఒకటి ఉండాలి, షటిల్ కోచింగో, తబలా క్లాసో, మావయ్య షాపులో రెండు గంటలో. ఇంకోటి, "పాస్ గ్యారంటీ, మీరు రావక్కర్లేదు, పరీక్ష మేం చూసుకుంటాం" అనే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఫీజు అధికారిక వెబ్‌సైట్లో మీరే కట్టండి, అడ్మిషన్ ప్రింట్ మీ దగ్గర ఉంచుకోండి. వేరే ఎవరో రాసిన పరీక్షతో వచ్చిన సర్టిఫికెట్ మీవాడి మెడకు జీవితాంతం చుట్టుకుంటుంది.

మేమిద్దరం సాఫ్ట్‌వేర్, బెంగళూరు. ఆరోగ్య సమస్య ఏమీ లేదు, బడుల మీదే నమ్మకం లేదు. ఏడేళ్ల పాపకు హోమ్‌స్కూలింగ్ చట్టవిరుద్ధమా?

పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ చెప్తుంది, చేర్చకపోతే శిక్ష మాత్రం ఆ చట్టంలో లేదు. ఎన్ఐఓఎస్‌లో ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ ఉంది, ఏ, బీ, సీ లెవెళ్లు వరుసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. ఆ దారిలో కాగితాలు సరిగ్గా ఉంటాయి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ పగలంతా పాపతో ఎవరుంటారన్నది మాత్రం మీరు రాయలేదు. అది తేలకుండా మొదలుపెట్టకండి.

మాది కర్నూలు జిల్లా కోసిగి వైపు. సంక్రాంతి దాటగానే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు, అందరూ గుంటూరు మిరపకాయలు కోతకు పోతారు. మా క్లాసులో పిల్లలు కూడా పోతారు, ఉగాది తర్వాత వస్తారు, అప్పటికి అన్నీ మరిచిపోతారు. వాళ్ల కోసం ఏం చేయవచ్చు? — ఒక ఉపాధ్యాయుడు

సార్, మీకు తెలియంది కాదు గానీ మిగతా పాఠకుల కోసం కూడా చెప్తున్నాను. తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. బడి ఆవరణలోనే పిల్లలు పడుకుంటారు, మూడుపూటలా తిండి పెడతారు. ప్రతిపాదన ఆలస్యంగా పోతే హాస్టల్ తెరిచేసరికి పిల్లలు బండెక్కి ఉంటారు. అందుకే దసరా అప్పుడే కూలీలను తీసుకెళ్లే మేస్త్రీలను అడిగి ఎవరెవరు అడ్వాన్సు తీసుకున్నారో పేర్లు రాసి ఎంఈఓకు ఇవ్వండి. తల్లుల మీటింగ్ విడిగా పెట్టండి. ఆడపిల్లను రాత్రిపూట ఎవరి దగ్గర వదలాలన్నదే వాళ్ల భయం. ఊరివాళ్లకు తెలిసిన ఆడమనిషిని వార్డెన్‌గా పెడితే సగం మంది ఒప్పుకుంటారు.

అప్పటికీ పోయే పిల్లలుంటారు, ముఖ్యంగా చంటిబిడ్డను ఎత్తుకోవడానికి తీసుకెళ్లే ఎనిమిది, తొమ్మిదేళ్ల ఆడపిల్లలు. వాళ్లతో ఒక కాగితం పంపండి: పేరు, తరగతి, బడి, మీ ఫోన్ నంబరు. పనిచేసే ఊళ్లోని బడి వాళ్లను చేర్చుకోవాలి, ఏడాది మధ్యలో వచ్చారనడానికి లేదు, వయసు సర్టిఫికెట్ లేదని కూడా అనడానికి లేదు. అక్కడి హెచ్ఎంకు మీరు ఒక్క ఫోన్ చేస్తే పని అయిపోతుంది. పెద్దపల్లి ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కూలీల పిల్లలకు ఒడియా పుస్తకాలతో, ఒడియా తెలిసిన వలంటీర్లతో చదువు చెప్పించారు. వేరే రాష్ట్రం, వేరే భాష ఉన్నచోటే అది సాధ్యమైతే కర్నూలు పిల్లలకు గుంటూరులో కాకుండా పోదు.

అక్కా, నేను గద్వాల దగ్గర. నాకు 15 ఏళ్లు. ఏడో తరగతిలో మా నాన్న చనిపోయాడు, అప్పటి నుంచి సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ (విత్తనాల కోసం పూలను చేత్తో కలిపే) పనికి పోతున్నా. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేను చదువుకోవాలి. ఇంత పెద్దదాన్ని ఎనిమిదిలో కూర్చోవాలా? నేరుగా టెన్త్ కట్టవచ్చా?

చెల్లీ, ముందు పెళ్లి సంగతి. 18 నిండకుండా పెళ్లి చేయడం నేరం. సంబంధం ఖాయమయ్యే దాకా ఆగకుండా 1098కి ఫోన్ చెయ్యి, నీ పేరు బయటపెట్టవద్దని చెప్పు. మీ ఊరి అంగన్‌వాడీ టీచరుకు కూడా చెప్పు. అమ్మ మీద కేసు పెట్టడం కోసం కాదు, అమ్మకు ధైర్యం చెప్పడానికి పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఇంటికి రావడం కోసం. భర్త పోయిన ఆడమనిషి ఎదిగిన కూతుర్ని చూసి భయపడుతుంది, "హాస్టల్లో ఉంటుంది, భద్రంగా ఉంటుంది, ఖర్చు లేదు" అని తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

నీకు సరిపోయేది కస్తూర్బా విద్యాలయం. 2004లో ఈ బడులు పెట్టిందే మధ్యలో చదువు ఆగిపోయిన ఆడపిల్లల కోసం. తల్లో తండ్రో లేని పిల్లలకు ముందుగా సీటిస్తారు. తిండి, పుస్తకాలు, బట్టలు, ఉండటం అన్నీ ఉచితం. మీ మండలం కస్తూర్బాకు నేరుగా వెళ్లు, ఆ బడిని నడిపే స్పెషల్ ఆఫీసర్‌ను కలువు. నాన్న మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాత బడి నుంచి ఏడో తరగతి రికార్డు తీసుకెళ్లు. ఒక్కటి దొరక్కపోయినా ఆగకు, ముందు వెళ్లు.

నిన్ను ఎనిమిదో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టనక్కర్లేదు. బడి బయట ఉండిపోయిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చాలని, వెనకబడిన పాఠాల కోసం మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం, దాని నియమాలు చెప్తాయి. అలా చేరిన పిల్లలకు వయసు 14 దాటినా ఎనిమిది పూర్తయ్యేదాకా ఉచితమే. ఇది కాగితం మీది మాట కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎంవీ ఫౌండేషన్ వాళ్లు పనికి పోయే పిల్లలకు శిబిరాలు పెట్టి, బ్రిడ్జి కోర్సు చదివించి, వాళ్ల వయసు పిల్లలున్న తరగతిలోకే పంపారు. నీలాగే చేలో పని చేసిన ఆడపిల్లలు ఆ శిబిరాల నుంచి హైస్కూలుకు, కాలేజీకి వెళ్లారు.

నేరుగా టెన్త్ కూడా కట్టవచ్చు, టాస్‌లో, 14 నిండాయి కాబట్టి. కానీ అది నీకు నా రెండో సలహా. ఎందుకంటే ఓపెన్ కడితే నువ్వు ఇంట్లోనే ఉంటావు, పొద్దున చేనుకు పొమ్మంటారు, సాయంత్రం పెళ్లిచూపులంటారు. క్రాసింగ్ సీజన్లో తెల్లవారకముందే మొదలయ్యే పని ఎలాంటిదో నాకంటే నీకే తెలుసు, ఆ తర్వాత పుస్తకం పట్టుకుని కూర్చోవడం పెద్దవాళ్లకే కష్టం. కస్తూర్బాలో సీటు లేదంటే ఎంఈఓ ఆఫీసుకు వెళ్లి డ్రాపౌట్‌నని రాసివ్వు, జీసీడీఓ (బాలికల విద్య చూసే జిల్లా అధికారి) మేడమ్ నంబరు అడుగు, జిల్లాలో కస్తూర్బాలన్నీ చూసేది ఆమే. పక్క మండలంలో ఖాళీ ఉండవచ్చు. అక్కడా కుదరకపోతే అప్పుడు టాస్ కట్టు.

జూన్‌లో బడులు తెరిచే దాకా ఎదురుచూడకు. ఈ వారమే వెళ్లు, ఒక్కదానివి పోకుండా పాత బడిలో నీకు ఇష్టమైన టీచరును తోడు అడుగు. వెళ్లొచ్చాక ఏమన్నారో ఈ పత్రికకే రాయి. సీటు ఇవ్వమంటే ఎవరు, ఏ తేదీన అన్నారో కూడా రాయి, మిగతాది మేం అడుగుతాం.